ఒక్క ‘బంద్’కు ఇంగ్లీషులో ఎన్ని మాటలు: క్రియా, విశేషణ పదబంధాలను వాడుకునే పద్ధతి

నల్గొండలో డిగ్రీ చదువుతున్న పిల్లలకు నేను సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతాను. కొత్తగా చేరినవారికి మొదటి రోజు వ్యాకరణం జోలికి పోకుండా ఒకే పని ఇస్తాను. ‘బంద్’ అనే మాట వచ్చేలా ఇంట్లో, వాడకట్టులో రోజూ వినబడే వాక్యాలు ఎనిమిది రాసుకొని, వాటిని ఇంగ్లీషులో చెప్పమంటాను. తెలుగు వాక్యాలు రెండు నిమిషాల్లో తయారవుతాయి. ఇంగ్లీషుకు వచ్చేసరికి దాదాపు అన్నింటిలోనూ ‘క్లోజ్’ అనే ఒక్క మాటే కనిపిస్తుంది: ‘క్లోజ్ ది ఫ్యాన్’, ‘క్లోజ్ ది ట్యాప్’, ‘మై ఫాదర్ క్లోజ్డ్ బీడీస్’. ఇందులో పిల్లల తెలివికి వచ్చిన లోటేమీ లేదు. మన దగ్గర ఒక్క మాట చేసే పనిని ఇంగ్లీషు ఎన్నో మాటలకు పంచి ఇచ్చిందన్న సంగతి వారికి అంతవరకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆ పంపకం ఎలా జరిగిందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ‘ఫ్యాన్ బంద్ చెయ్’ అంటే ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’ లేదా ‘స్విచ్ ఆఫ్ ది ఫ్యాన్’ అనాలి. ‘నల్లా బంద్ చెయ్’ కూడా ‘టర్న్ ఆఫ్ ది ట్యాప్’ అవుతుంది గానీ, నల్లాకు స్విచ్ ఉండదు కాబట్టి అక్కడ ‘స్విచ్ ఆఫ్’ కుదరదు. ‘దుకాణం బంద్ చేసిండు’ అన్నప్పుడు రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించాడనే అర్థమైతే ‘హి క్లోజ్డ్ ది షాప్’ అంటే సరిపోతుంది. నష్టం వచ్చి శాశ్వతంగా మూసేశాడనే అర్థమైతే ‘హి క్లోజ్డ్ డౌన్ ది షాప్’ అనాలి. ‘డౌన్’ అనే చిన్న మాట ఒక్కటి చేరగానే ఒక రాత్రి సంగతి ఒక కుటుంబం సంగతిగా మారిపోతుంది. ‘నాయన బీడీలు బంద్ చేసిండు’ అంటే ‘మై ఫాదర్ హాజ్ గివెన్ అప్ స్మోకింగ్’. ‘కరెంటు బంద్ అయింది’ అంటే ‘ది పవర్ హాజ్ గాన్ ఆఫ్’. ‘ఇద్దరు దోస్తులకు మాటలు బంద్ అయినయ్’ అంటే ‘దే హావ్ ఫాలెన్ అవుట్’. ‘వానకు బస్సులు బంద్ అయినయ్’ అనడానికి ప్రత్యేకమైన పదబంధమేమీ అక్కర్లేదు, ‘ది బసెస్ ఆర్ నాట్ రన్నింగ్’ అంటే చాలు. ఈ వాక్యాల్లో ‘క్లోజ్’ నిలబడింది దుకాణం దగ్గర మాత్రమే.

మనకు ముందే తెలిసిన సూత్రం

క్రియకు పక్కన ‘అప్, ఆఫ్, అవుట్, డౌన్’ వంటి చిన్న మాట చేరి అర్థం మారడాన్ని ఇంగ్లీషువారు ‘ఫ్రేజల్ వర్బ్’ అంటారు. ఈ పేరును రచయిత లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రచారంలోకి తెచ్చాడు. వాడుక మాత్రం చాలా పాతది. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే, ఇలా చిన్న మాట చేర్చి క్రియ అర్థాన్ని మార్చడం తమ భాషలో చాలా ఎక్కువని, పరదేశులకు అన్నిటికంటే కష్టమయ్యేది అదేనని ఒప్పుకున్నాడు.

అయితే తెలుగువారికి ఈ కష్టం అంతగా ఉండనక్కర్లేదని నా గట్టి నమ్మకం. ‘చూడు’ అనే క్రియనే తీసుకోండి. అమ్మను చూడటం వేరు, అమ్మను చూసుకోవడం వేరు. ఎదురుచూడటం వేరు, చిన్నచూపు చూడటం వేరు. ‘ఆ సంగతి నేను చూస్తా’ అని సర్పంచ్ అంటే కళ్లతో చూస్తానని కాదు, విచారిస్తానని. ఇప్పుడు ఇంగ్లీషు ‘లుక్’ను పక్కన పెట్టి చూడండి. ‘లుక్ ఎట్’ చూడటం, ‘లుక్ ఆఫ్టర్’ చూసుకోవడం, ‘లుక్ ఫార్వర్డ్ టు’ ఎదురుచూడటం, ‘లుక్ డౌన్ ఆన్’ చిన్నచూపు చూడటం, ‘లుక్ ఇంటు’ విచారించడం. వెతకడానికి ‘లుక్ ఫర్’ అంటారు. తెలుగులో ‘కొను’ అనే సహాయక క్రియ చేసే పనినే అక్కడ ‘ఆఫ్టర్’ చేస్తోంది. ‘ఎత్తు’ కూడా ఇలాంటిదే. బిడ్డను ఎత్తుకుంటాం, అన్యాయం మీద గొంతెత్తుతాం, చేతకాక చేతులెత్తేస్తాం. ‘చేతులెత్తేశాడు’ అని విన్నప్పుడు పైకి లేచిన చేతుల కోసం మనం వెతకం. ‘గివ్ అప్’ విన్నప్పుడు కూడా ‘గివ్’ అంటే ఇవ్వడం, ‘అప్’ అంటే పైకి అని విడదీసుకోకుండా, మొత్తాన్ని ఒకే మాటగా ‘చేతులెత్తేయడం’ లేదా ‘మానేయడం’ అని పట్టుకోవాలి. నేను చెప్పదలచిన ముఖ్యమైన పద్ధతి ఇదే. ముక్కలుగా అనువదించకండి, తెలుగులో దానికి సరిపోయే జంట మాటను మొత్తంగా వెతకండి.

పుస్తకాల ఇంగ్లీషులో ఇవి ఎందుకు తక్కువగా కనిపిస్తాయనే ప్రశ్న రావచ్చు. ఇంగ్లీషులో మాటలు రెండు పొరలుగా ఉన్నాయి. ఇంట్లో, బజార్లో వాడే పొట్టి మాటలు చాలావరకు ఆ భాషకు పుట్టుకతో వచ్చినవి. ఆఫీసుల్లో, చదువుల్లో వాడే పొడుగు మాటలు చాలావరకు ఫ్రెంచి, లాటిన్ నుంచి చేరినవి. మన దగ్గర ‘కనుక్కోవడం’, ‘ఆవిష్కరించడం’ ఉన్నట్టే వారికి ‘ఫైండ్ అవుట్’, ‘డిస్కవర్’ ఉన్నాయి. ‘పుట్ అప్ విత్’ అంటే సర్దుకుపోవడం, ‘టాలరేట్’ అంటే సహించడం. మన బడి పుస్తకాలు ఎక్కువగా రెండో పొరనే నేర్పుతాయి. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది కాబట్టి, ఆ పుస్తకాల మాటలు ఇప్పుడు పల్లె పిల్లలకు కూడా బాగానే తెలుసు. వారికి ‘పోస్ట్‌పోన్’ తెలుసు, ‘పుట్ ఆఫ్’ తెలియదు. రాత పరీక్షకు ఆ చదువు సరిపోతుంది గానీ ఎదుటి మనిషి మాట్లాడినప్పుడు సరిపోదు.

ఈ లోటు ఎంత దూరం తీసుకుపోతుందో నాకు అనుభవమే. కొన్నేళ్ల కిందట మా నాయనకు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో కంటి ఆపరేషన్ నిర్ణయమైంది. పొద్దున్నే నల్గొండ నుంచి బస్సులో వెళ్లాం. నాయన ఏమీ తినకుండా ఉన్నారు. దారిలో ఉండగానే ఫోన్ వచ్చింది. అవతలి ఆమె వేగంగా ‘ది సర్జరీ హాజ్ బీన్ పుట్ ఆఫ్’ అని, ఆ వెంట ఇంకేదో అన్నది. నాకు ‘ఆఫ్’ అనే మాట ఒక్కటే చెవిలో పడింది. లైటు ఆపినట్టుగా ఆపరేషన్ రద్దయిందని అనుకొని, సరేనని ఫోన్ పెట్టేసి, నాయనను చిట్యాలలో దింపి టిఫిన్ తినిపించి ఇంటికి తీసుకువచ్చాను. సోమవారం వాళ్లే మళ్లీ ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడిగారు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం. రద్దు చేయడం అంటే ‘కాల్ ఆఫ్’. ఆ రోజు ఆమె అన్న మిగతా మాట ‘టిల్ మండే’. మళ్లీ తేదీ దొరకడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు నాయన ఒక్క మాట కూడా అనలేదు, అందువల్లే నాకు అది ఇప్పటికీ బాధ. అప్పటి నుంచి తేదీలకు సంబంధించిన పదబంధాలను నా తరగతిలో అన్నిటికంటే ముందు చెబుతున్నాను: ‘పుట్ ఆఫ్’ వాయిదా, ‘కాల్ ఆఫ్’ రద్దు, ‘బ్రింగ్ ఫార్వర్డ్’ ముందుకు జరపడం. ఫోన్‌లో సరిగా వినబడకపోతే ‘సారీ, అంటిల్ వెన్?’ అని తిరిగి అడగడం కూడా అప్పుడే నేర్పుతాను.

మధ్యలో మాట పెట్టడం

పదబంధం తెలిశాక అది వాక్యంలో ఎక్కడ విడిపోతుందో తెలియాలి. ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’ అన్నా, ‘టర్న్ ది ఫ్యాన్ ఆఫ్’ అన్నా తప్పు లేదు. కానీ ఫ్యాన్‌కు బదులు సర్వనామం వస్తే అది తప్పనిసరిగా మధ్యలోనే ఉండాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అని ఎవరూ అనరు. ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ ఫర్’, ‘లుక్ ఇంటు’ వంటివి మాత్రం ఎప్పుడూ విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలే గానీ ‘లుక్ హర్ ఆఫ్టర్’ అనకూడదు. మూడు మాటలవి కూడా సాధారణంగా విడిపోవు.

ఏది విడిపోతుందో బట్టీపట్టకుండా తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది నిఘంటువు. నేర్చుకునేవారి కోసం తయారైన లెర్నర్స్ డిక్షనరీలలో ఇటువంటి పదబంధాలను క్రియ కింద చివర విడిగా ఇస్తారు. అక్కడ ‘ఎస్‌టిహెచ్’ అనే పొడి అక్షరాలు, అంటే ‘సమ్‌థింగ్’, రెండు మాటల మధ్యలో ఉంటే అది విడిపోతుందని, చివరనే ఉంటే విడిపోదని అర్థం. మనిషి కర్మగా వచ్చేచోట ‘ఎస్‌బి’ అని ఉంటుంది. ఈ గుర్తును గమనించకుండా డిక్షనరీ వాడేవారు చాలామంది ఉన్నారు. రెండో దారి చెవి. విడిపోయే వాటిలో చిన్న మాటను ఒత్తి పలుకుతారు, ‘టర్న్ ఇట్ ఆఫ్’లో బరువు ‘ఆఫ్’ మీద పడుతుంది. ‘లుక్ ఫర్ ఇట్’లో బరువు ‘లుక్’ మీద పడి ‘ఫర్’ తేలిపోతుంది. వార్తలు వినేటప్పుడు బరువు ఎక్కడ పడుతోందో పట్టుకుంటూ పోతే నెల రోజుల్లో చెవి దానంతట అదే చెప్పడం మొదలుపెడుతుంది.

మూడు మాటల వాటిలో రెండింటిని వెంటనే నేర్చుకోవాలి. ఇంట్లో గ్యాస్ ఒడిసిపోతే మన పిల్లలు ‘ది గ్యాస్ ఈజ్ ఓవర్’ అంటారు. క్లాసు, సినిమా, పెండ్లి అయిపోతే ‘ఓవర్’ సరైన మాట. సరుకు అయిపోతే ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ గ్యాస్’ అనాలి (ఇక్కడి ‘ఆఫ్’ of, ‘టర్న్ ఆఫ్’లోని off కాదు). బియ్యమైనా, పెట్రోలైనా, నీళ్లైనా ఇదే మాట. రెండోది ఉద్యోగాల ఉత్తరాల్లో తరచుగా వచ్చే ‘లుక్ ఫార్వర్డ్ టు’. దాని తర్వాత ‘మీట్’ రాస్తే తప్పు, ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’ అని రాయాలి.

విశేషణం పక్కన ఏ మాట

విశేషణాల దగ్గర మనల్ని పక్కదారి పట్టించేవి మన విభక్తులు. ‘నీ మీద కోపం లేదు’ అనే వాక్యంలోని ‘మీద’ను అలాగే దించి ‘యాంగ్రీ ఆన్ యు’ అంటాం, కానీ ‘యాంగ్రీ విత్ యు’ అనాలి. ‘పాలమూరు అబ్బాయితో పెండ్లయింది’ అనే వాక్యంలోని ‘తో’ను చూసి ‘మ్యారీడ్ విత్’ అంటాం, కానీ ‘మ్యారీడ్ టు’ అనాలి. ‘లెక్కల్లో దిట్ట’ అంటే ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’, ‘కుక్కలంటే భయం’ అంటే ‘అఫ్రెయిడ్ ఆఫ్ డాగ్స్’. ‘నల్గొండ బత్తాయిలకు పేరు’ అనే వాక్యంలోని ‘కు’ అక్కడ ‘ఫర్’ అవుతుంది: ‘నల్గొండ ఈజ్ ఫేమస్ ఫర్ స్వీట్ లైమ్స్’. మన విభక్తికీ వారి చిన్న మాటకూ నిలకడైన లంకె లేదు కాబట్టి, విశేషణాన్ని ఎప్పుడూ దాని పక్క మాటతో కలిపే నేర్చుకోవాలి. ‘అఫ్రెయిడ్’ అని ఒంటరిగా రాసుకున్న పుట వల్ల ఉపయోగం లేదు.

గుర్తుండటానికి కొంత గుంపు చేసుకోవచ్చు. ‘ఆఫ్’ (of) పక్కన చేరేవి ఎక్కువ: ‘ప్రౌడ్ ఆఫ్’, ‘ఫాండ్ ఆఫ్’, ‘టైర్డ్ ఆఫ్’, ‘ఫుల్ ఆఫ్’, ‘షార్ట్ ఆఫ్’. నేర్పు, చేతకానితనం చెప్పేవి ‘ఎట్’తో పోతాయి: ‘గుడ్ ఎట్’, ‘బ్యాడ్ ఎట్’. చుట్టరికం, పోలిక, మర్యాద చెప్పేవి ‘టు’ను కోరుకుంటాయి: ‘రిలేటెడ్ టు’, ‘సిమిలర్ టు’, ‘పొలైట్ టు’. పోలికకు ‘టు’ వచ్చినా తేడాకు మాత్రం ‘డిఫరెంట్ ఫ్రమ్’ అనాలి. ‘ఇంట్రెస్టెడ్ ఇన్’ ఏ గుంపులోనూ ఇమడదు, దాన్ని అలాగే గుర్తుంచుకోవడం మేలు.

ఇంకో సంగతి, దీన్ని నేను కొంచెం నిదానంగా చెబుతాను. తెలుగులో భయం, కోపం, ఆకలి, చలి అన్నీ మనిషికి వస్తాయి, వేస్తాయి, పుడతాయి. ‘నాకు ఆకలవుతోంది’, ‘నాకు చలి పెడుతోంది’ అన్నప్పుడు నేను కర్తను కాను. ఇంగ్లీషులో మనిషే కర్త అవుతాడు: ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ యామ్ కోల్డ్’. అందుకని వాక్యాన్ని ‘నాకు’తో ఊహించుకుంటే మొదటి మాట దగ్గరే చిక్కు పడుతుంది, ‘నేను’తో మొదలుపెడితే మిగతాది తేలికగా సాగుతుంది. ‘ఐ యామ్ కోల్డ్’ అంటే చలి, ‘ఐ హావ్ ఎ కోల్డ్’ అంటే పడిశం. జ్వరానికి ‘ఐ హావ్ ఎ ఫీవర్’ చాలు. సెలవు చీటీల్లో రాసే ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ తప్పు కాదు గానీ, పక్కింటి వారితో అలా మాట్లాడితే అర్జీ చదివినట్టుంటుంది.

‘బోరింగ్’, ‘బోర్డ్’ తేడా కూడా ఇక్కడిదే. ‘ఇంగ్’ చివర ఉన్నది కారణాన్ని చెబుతుంది, ‘డ్’ చివర ఉన్నది ఆ భావం కలిగిన మనిషిని చెబుతుంది. పాఠం ‘బోరింగ్’, విద్యార్థి ‘బోర్డ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నా వల్ల మీకు విసుగు పుడుతోందని అర్థం. ‘కన్ఫ్యూజింగ్, కన్ఫ్యూజ్డ్’, ‘ఇంట్రెస్టింగ్, ఇంట్రెస్టెడ్’, ‘టైరింగ్, టైర్డ్’ అన్నీ ఈ దారిలోనే నడుస్తాయి.

‘యూజ్డ్ టు’ దగ్గర డిగ్రీ పూర్తయినవారు కూడా తడబడతారు. తెలుగులో రెండు వేర్వేరు రూపాలుగా ఉన్నవాటిని ఇంగ్లీషు దాదాపు ఒకే రూపంలో చెబుతుంది. ‘ఐ యూజ్డ్ టు గో బై బస్’ అంటే బస్సులో వెళ్లేవాణ్ణి, ఇప్పుడు వెళ్లడం లేదని. ‘ఐ యామ్ యూజ్డ్ టు గోయింగ్ బై బస్’ అంటే బస్సులో వెళ్లడం నాకు అలవాటేనని. ముందు ‘యామ్, ఈజ్, ఆర్, వాజ్’ వంటివి ఉంటే అలవాటు, లేకపోతే గతం. అలవాటు అర్థంలో క్రియకు ‘ఇంగ్’ చేరుతుంది. పని కోసం బొంబాయికో పుణెకో పోయిన మన పాలమూరు మనిషి అక్కడి తిండికి మెల్లగా అలవాటు పడుతున్నాడని చెప్పాలంటే ‘హి ఈజ్ గెటింగ్ యూజ్డ్ టు ది ఫుడ్’ అనాలి.

ఈ ‘గెట్’ విశేషణాల ముందు వచ్చి మార్పును చెబుతుంది. అలసిపోవడం ‘గెట్ టైర్డ్’, కోపం రావడం ‘గెట్ యాంగ్రీ’. మార్పు చెడ్డదైతే చాలాచోట్ల ‘గో’ వస్తుంది: చెవుడు రావడం ‘గో డెఫ్’, పిచ్చెక్కడం ‘గో మ్యాడ్’. నిద్రపోవడం ‘స్లీప్’ అయితే, నిద్ర పట్టడం ‘ఫాల్ అస్లీప్’. ‘రెండు దాకా నిద్ర పట్టలేదు’ అనేదాన్ని ‘ఐ డిడ్ నాట్ ఫాల్ అస్లీప్ అంటిల్ టూ’ అని చెబితే తెలుగులో ఉన్న ఛాయ చెక్కుచెదరకుండా వస్తుంది.

అక్కర్లేని చోట మాట చేర్చడం

మన ప్రాంతంలో ఎక్కువగా వినబడే తప్పు, మాట మరచిపోవడం కంటే లేని మాటను చేర్చడం. ‘డిస్కస్ అబౌట్’, ‘రీచ్ టు నల్గొండ’, ‘ఎంటర్ ఇంటు ది రూమ్’, ‘మ్యారీ విత్ హర్’, ‘కోప్ అప్ విత్’ అనేవాటిలో క్రియ పక్కనే ఉన్న చిన్న మాట తీసేయాలి. ‘ఇంటికి చేరాను’, ‘దాని గురించి చర్చించాం’ అనే మన వాక్యాల్లోని ‘కి’, ‘గురించి’ కొన్నింటికి కారణం. పక్కనున్న మాటల పోలిక మరో కారణం. ‘డిస్కషన్’ నామవాచకం కాబట్టి దాని పక్కన ‘అబౌట్’ రావచ్చు, ‘డిస్కస్’ పక్కన రాకూడదు. ‘కీప్ అప్ విత్’ విన్న చెవి ‘కోప్’ దగ్గర కూడా ‘అప్’ చేరుస్తుంది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ‘పాట విన్నాను’ అనే వాక్యంలో మనకు విభక్తే అక్కర్లేదు కాబట్టి ‘లిజన్ సాంగ్స్’ అంటాం, కానీ ‘లిజన్ టు సాంగ్స్’ అనాలి. ‘రెండేండ్ల సంది ఈడనే ఉంటున్న’ అనే మాటలోని ‘సంది’ని ‘సిన్స్’ చేసి ‘సిన్స్ టూ ఇయర్స్’ అనడం కూడా మన వాడుక నుంచి వచ్చిందే. కాలం ఎంతో చెబితే ‘ఫర్ టూ ఇయర్స్’, మొదలైన సమయం చెబితేనే ‘సిన్స్ 2023’.

సాధన విషయానికి వస్తే, బస్టాండుల దగ్గర అమ్మే అయిదు వందల పదబంధాల పట్టికలను నేను ప్రోత్సహించను. అకారాది క్రమంలో ‘గెట్’ కింద ఇరవై అర్థాలు వరుసగా చదివితే ఒకదానిపై ఒకటి పడి అన్నీ కలగాపులగమవుతాయి. ఒక నోటు పుస్తకం తీసుకొని దాన్ని చోట్లవారీగా విడదీయండి: వంటిల్లు, బస్సు, ఆసుపత్రి, బ్యాంకు, కొలువు. ఒక్కో చోట మీరు రోజూ తెలుగులో అనే వాక్యాన్ని అన్నట్టే, యాసతో సహా రాయండి. దాని కింద ఇంగ్లీషు వాక్యం మొత్తం రాయండి, పదబంధాన్ని మాత్రమే రాయకండి. దేవరకొండ నుంచి వచ్చే ఒక విద్యార్థిని తన పుస్తకంలో బస్సు పుటలో ‘బస్సు ఎక్కిన’, ‘దిగిన’, ‘బస్సు తప్పిపోయింది’, ‘అక్క దింపిపోయింది’ అని రాసి, వాటి కింద ‘ఐ గాట్ ఆన్ ది బస్’, ‘ఐ గాట్ ఆఫ్ ది బస్’, ‘ఐ మిస్డ్ ది బస్’, ‘మై సిస్టర్ డ్రాప్డ్ మి ఆఫ్’ అని పూర్తి వాక్యాలు చేసుకుంది. కారు లేదా ఆటో అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’ అవుతాయని నేను చెప్పగానే, లోపల నిలబడి నడవగలిగే బండికి ‘ఆన్’, వంగి కూర్చోవలసిన బండికి ‘ఇన్’ అని తనంతట తానే పక్కన రాసుకుంది.

వారానికి అయిదారు వాక్యాలకు మించి చేర్చవద్దు. చేర్చిన ప్రతి వాక్యాన్నీ కర్త మార్చి ఒకసారి, కాలం మార్చి ఒకసారి, కర్మ స్థానంలో ‘ఇట్’ పెట్టి ఒకసారి గట్టిగా పలకండి. వారం చివర ఇంగ్లీషు వైపు చేత్తో మూసి, తెలుగు వాక్యం చదివి ఇంగ్లీషు చెప్పండి. తడుముకున్న వాక్యానికి పెన్సిల్‌తో చుక్క పెట్టి, వచ్చే వారం పుటలో అదే వాక్యాన్ని మళ్లీ మొదట రాయండి.